మూడో బోరు

మూడో బోరు నీళ్ళలో పేగుల్లో బతికే, కంటికి కనపడని పురుగులున్నాయని భువనేశ్వర్ ల్యాబు నుంచి కబురొచ్చింది. మోహిత్ ఫోను పెట్టేసి గణపతిరావును లోపలికి పిలిచాడు.

కంపెనీ బూడిద వదిలే చెరువు చుట్టూ ఐదు బోర్లున్నాయి. తాగడానికి కావు. చెరువు కింద నేలలో నీళ్ళు ఎలా ఉన్నాయో చూడడానికి దింపినవి. మోకాలెత్తు ఇనప గొట్టం, దానికో మూత, మూతకు తాళం. నెలకోసారి తాళం తీసి, తాడుకు కట్టిన సన్నటి గొట్టపు బొక్కెన దింపి, నీళ్ళు తోడి, సీసాలకెత్తి పంపాలి. సీసాలు గణపతిరావు పని. తాడు దింపడం, లాగడం బుల్లి పని.

“మురికి బోరులో ఉందా, భూమిలో ఉందా? ముందది తేలాలి” అన్నాడు మోహిత్ హిందీలో. అతను లక్నో వైపు మనిషి. ఆఫీసరుగా ఈ కొరాపుట్ కొండల్లోకి వచ్చి ఏడాది కాలేదు. “బోరును మందుతో కడిగించండి. తర్వాత కొత్త తాడు, కొత్త బొక్కెనతో తోడండి. మళ్ళీ పురుగులొస్తే అవి భూమిలోనే ఉన్నట్టు. కింద ఊరి బోరింగు మూయించాలి. మన మురుగు లైనంతా తవ్వి చూడాలి.”

“రాకపోతే సార్?”

“రాకపోతే భూమి మంచిదే. పైనుంచి చేత్తో ఎవరో లోపలికి చేర్చారన్నమాట. తాడు పట్టేదెవరు?”

“బుల్లి సార్.”

“అయితే కంట్రాక్టరుకు చెప్పి మనిషిని మార్చేద్దాం.”

గణపతిరావు తలూపాడు. కబురు విన్న క్షణాన ఆయనకు గుర్తొచ్చినవీ బుల్లి చేతులే. ఎందుకు గుర్తొచ్చాయని తనను తాను అడగలేదు. ఆమె రాయగడ రెల్లివీధి పిల్ల, తరాలుగా వీధులూడ్చే కులం. అడగవలసినదేదీ ఆయనకు కనపడలేదు.

బయటికొచ్చాక ఒకటి మాత్రం గొంతులో ముల్లులా నిలిచింది. ఐదు బోర్లకూ అదే చెయ్యి. అదే తాడు. మరి మూడోదానికే ఎందుకు?

జీపు డ్రైవరు దుర్గారావు బ్లీచింగు బస్తాను వెనక్కి ఎత్తి, ముక్కు తుడుచుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

“ఏటి మావా, బోరుకి కూడా విరోసనాలేటి?”

“పురుగులున్నాయంట.”

“మరి మందు బోరుకి పోస్తారేటి? తాగినోడికి కదా పొయ్యాల.”

వెనక డ్రమ్ము పక్కన కూర్చున్న బుల్లి నవ్వింది. “తాగినోడికి పొయ్యాలంటే ముందర నీకే పొయ్యాల, దుర్గారావన్నా.”

“సూసేవా మావా, దీని నోరు! దీని నోట్లో పోస్తే బ్లీచింగే సచ్చిపోతాది.”

గణపతిరావు నవ్వలేదు. జీపు టౌన్‌షిప్ గేటు దాటి పొట్టంగి వైపు రోడ్డెక్కింది. ఎడమ పక్కన సిల్వరు ఓకు చెట్లు, కుడి పక్కన లోయ. కొంత దూరం పోయాక బుల్లి ముందుకు వంగింది.

“బాబూ, నా గేటు పాసు ఈ నెలతో అయిపోతాది. కొత్తది ఇప్పించమని సార్‌తో ఓ మాట సెప్పేరా?”

“సూద్దాంలే.”

“నా కూతురు సోని ఈ ఏడు టెన్తు. పాసున్నోల్ల పిల్లలకే కదా మన ఇస్కూలు. మజ్జిలో పాసు పోతే ఆ గుంటని కూకోనివ్వరు.”

“సూద్దాం అన్నాను కదా.”

ఆమె వెనక్కి జరిగింది. గణపతిరావు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. చెప్పేస్తే అయిపోయేది. నీళ్ళు మంచివైతే నీ పని పోతుందే అని ఒక్క మాట. చెప్పడానికి ఏం అడ్డమొచ్చిందో ఆయనకు తెలియలేదు.

జీపు ఎప్పుడూ మొదట ఆగేది మూడో బోరు దగ్గరే. రోడ్డుకు అదే దగ్గర. మిగతావాటికి చెరువు గట్టు మీద నడిచి పోవాలి. బోరు పక్కగా పిల్లవాగులాంటి గెడ్డ, గెడ్డకు అవతల వాలులో చోడి చేను, చేను చివర ఊరు. ఊరి బోరింగు దగ్గర బిందెలు వరసగా ఉన్నాయి.

బుల్లి డ్రమ్ములో నీళ్ళు నింపి బ్లీచింగు పోసింది. కొంగు ముక్కుకు చుట్టుకుని, కర్రతో అడుగంటా కలిపింది. తెల్లటి నీళ్ళు తిరిగి తిరిగి నెమ్మదించాయి. ఆ తర్వాత చేయాల్సింది కూర్చోవడం. సున్నం అడుగుకు దిగాలి, పైన తేట తేలాలి. తేటనే బోరులోకి పంపాలి. సున్నం పోతే కింద గొట్టానికున్న బెజ్జాలు మూసుకుపోతాయి.

“దిగిందేటి?” అన్నాడు గణపతిరావు.

“ఇంకా నేదు.”

“పైన తేరింది కదా.”

“తేరినట్టుంటాది బాబూ. కర్ర పెట్టి సూడండి, మల్లీ లేస్తాది.”

ఆయన కర్ర పెట్టలేదు. నిన్నటిదాకా ఆమె ఇలా అంటే, అలాగే అని ఊరుకునేవాడు. ఇవాళ ఆ మాటలో పొగరు వినిపించింది.

బోరింగు దగ్గర్నుంచి ఒక ముసలామె వాసన పట్టుకుని వచ్చింది. గెడ్డకు అవతలే నిలబడి దేశియాలో, అక్కడి కొండవాళ్ళ భాషలో, ఏదో అడిగింది. బుల్లి కూడా దేశియాలోనే జవాబిచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

“ఏటంతాది?” అన్నాడు గణపతిరావు.

“పాతాలానికి సున్నం కొడతన్నారా అని అడుగుతంది.”

“నువ్వేటన్నావు?”

“మీ నీల్లు బాగుండాలనే కొడతన్నాం అన్నాను.”

నీళ్ళు బాగుండడమంటే ఏమిటో బుల్లికి తెలియదు. ఆయనకు తెలుసు. తెలిసినవాడు లేచి డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

తేట తేలింది. రబ్బరు గొట్టం బోరు అడుగుదాకా దింపి తేటనంతా పంపారు. తర్వాత బుల్లి గ్లవ్సు తొడుక్కుని తాడు అందుకుంది. బొక్కెన పైకి, కిందికి, మళ్ళీ పైకి, కిందికి. మందు గోడలకు కొట్టుకోవాలి. పెరుగు చిలికినట్టు ఆగకుండా ఆడించాలి. ఆమె భుజాలు కదులుతున్నాయి, నడుము కదలడం లేదు. తాడు నేలకు తగలకుండా ఎడం మోచేతికి చుట్టలు వేసుకుంటోంది.

గణపతిరావు ఆమె చేతులనే చూశాడు. మురికి కోసం వెతికాడు. గ్లవ్సు అంచు, మణికట్టుకు నల్లదారం, చెమట. ఇంకేం లేవు. దొరకకపోవడం ఆయనకు కోపం తెప్పించింది.

“ఏటి బాబూ అలా సూస్తన్నారు?”

“ఏటీ నేదు. ఆడించు.”

మందును బోరులోనే ఒక రాత్రి ఉంచి, మర్నాడు పంపు దింపి నీళ్ళు తోడారు. మొదట వచ్చిన నీళ్ళు ముక్కు మండించాయి. బుల్లి పారతో చిన్న కాలవ తీసి ఆ నీళ్ళను చోడి చేను వైపు పోకుండా రాళ్ళలోకి మళ్ళించింది. గణపతిరావు గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, మందు ఉంటే పసుపెక్కే రసాయనం రెండు చుక్కలు వేశాడు. ముదురు పసుపు. ఇంకాసేపటికి లేత పసుపు. ఎండ నెత్తికెక్కేసరికి చుక్కలు వేసినా నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మందు పోయింది.

“రేపు కొత్త తాడుతో తోడి సీసాలకెత్తుదాం” అన్నాడు. మోహిత్ ఇచ్చిన కొత్త తాడు, కొత్త బొక్కెన కవరు విప్పకుండా జీపులో ఉన్నాయి.

పాత తాడును బుల్లి చుట్టచుట్టి జీపులో పడేసింది. ఎప్పటిలాగే ఆయన దాన్ని ఇంటికి తీసుకుపోయాడు. కంపెనీ సామాను బుల్లి ఇంట ఉండడమేమిటని మొదట్లోనే ఆయన పెట్టిన నియమం అది.

క్వార్టరు వెనక పెరట్లో కొక్కెం ఉంది. తాడు ఉండేది అక్కడే. కొక్కేనికి వేసే ముందు ఒక పని ఉంటుంది. భార్య కృష్ణవేణమ్మ పెట్టిన పద్ధతి. తాడు మొదటిసారి ఇంటికొచ్చిన రోజున ఆమె దీన్ని ఎవరు పట్టారని అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె బక్కెట్లో ఆవుపేడ, పసుపు కలిపి తెచ్చి తాడు మీద చల్లింది. తర్వాతే కొక్కెం ముట్టనిచ్చింది. ఆమె పోయింది. చల్లడం పోలేదు. పొద్దుటే రోడ్డు మీద తిరిగే ఆవుల వెనక పోయి పేడ తెచ్చుకోవడం భార్య లేని మనిషికి అదనపు చాకిరీ. ఆయన తిట్టుకుంటూనే చేసేవాడు.

ఆ సాయంత్రం బక్కెట్లో పేడ కలుపుతూ చెయ్యి ఆపాడు.

పేగుల్లో బతికేవి. మనిషి పేగుల్లోనో, పశువు పేగుల్లోనో. భువనేశ్వర్‌లో ట్రైనింగప్పుడు బల్ల మీద బొమ్మ పెట్టి మరీ చెప్పారు. ఆయన పరీక్షలో రాశాడు కూడా. పేడ మురికి అని తెలుసు. పేడ శుద్ధి అనీ తెలుసు. రెండూ తెలిసే ఇన్నాళ్ళు బతికాడు. ఆ రెండూ ఒకే బక్కెట్లో ఎప్పుడూ కనపడలేదు.

ఈ తాడు పొద్దున మొదట దిగేది ఎక్కడ? మూడో బోరులో. అక్కడ నానుతుంది, కడుక్కుంటుంది. మిగతా బోర్లకు పోయేసరికి వదలాల్సింది వదిలిపోతుంది.

కాదేమో అనుకున్నాడు. చల్లింది చారెడు నీళ్ళు. చారెడు నీళ్ళకే అంత లోతు బోరు చెడుతుందా? రాత్రి గాలికి ఆరిపోదా? బుల్లి చెయ్యి ఎటూ ఉండనే ఉంది కదా? అనుకున్నకొద్దీ ఏదీ నిలబడలేదు. వేళ్ళ సందుల్లోంచి పచ్చటి నీళ్ళు కారుతున్నాయి. ఈ చెయ్యి ఇప్పుడు కడుక్కోవాలా, అక్కర్లేదా?

తాడు మీద చల్లడానికి చెయ్యి రాలేదు. చల్లకుండా కొక్కేనికి వేయడానికీ రాలేదు. తాడును మెట్టు మీదే వదిలేసి లోపలికి పోయాడు.

మర్నాడు సీసాల పని. బుల్లి కొత్త తాడు కవరును బోరు దగ్గరే చింపింది. బొక్కెన దిగి, నిండి, పైకొచ్చింది. గణపతిరావు సీసా మూత తీసి పట్టుకున్నాడు. ఆయనకు గ్లవ్సు లేవు. మూత పట్టుకోవడానికి గ్లవ్సేమిటని ఎప్పుడూ తొడుక్కోలేదు.

సన్నటి ధార సీసాలో పడుతోంది. సీసా మూతి ఆయన బొటనవేలికి గోరంత దూరంలో ఉంది. ఒక్కసారి వేలు ముంచితే చాలు. సీసా చెడుతుంది, పురుగులొస్తాయి, మురికి భూమిలోనే ఉందంటారు. బుల్లి పని నిలుస్తుంది. కింద ఊరి బోరింగు మూసేస్తారు. ముంచకపోతే ఊరికి నీళ్ళుంటాయి, బుల్లికి పాసుండదు, ఆ పిల్లకు బడి ఉండదు. మూడో దారి ఒకటుంది. నోరు తెరవడం. దాన్ని ఆయన తలచుకుని వదిలేశాడు. ఏది జరగాలని కోరుకోవాలో తెలియలేదు.

“మూత, బాబూ” అంది బుల్లి. “నిండిపోయింది.”

ఆయన మూత పెట్టాడు.

నీళ్ళు మంచివని భువనేశ్వర్ నుంచి జవాబొచ్చింది. పురుగుల్లేవు.

మోహిత్ ముఖంలో తేటదనం వచ్చింది. ఊరి బోరింగు మూయనక్కర్లేదు. మురుగు లైను తవ్వనక్కర్లేదు. పైవాళ్ళకు సంజాయిషీలు అక్కర్లేదు. మిగిలింది ఒక మనిషిని మార్చడం. తీసేసే ముందు ఒక మాట అడగడం న్యాయమనుకున్నాడేమో, బుల్లిని పిలిపించాడు. ఆమె చెప్పులు గుమ్మం బయట వదిలి తలుపు పక్కన నిలబడింది. గణపతిరావు బల్ల పక్కన నిలబడ్డాడు, ఆమె మాటలు హిందీలో చెప్పడానికి.

“తాడును ఎలా వాడతావో చెప్పమను.”

బుల్లి తెలుగులో చెప్పింది. “తాడు నా దగ్గర ఉండదు. ఈ బాబు ఇంటికాడ ఉంటాది. పొద్దున్న జీపులో నాకిస్తారు. పేడ కంపు కొట్టిన రోజున గెడ్డలో జాడించి దింపుతాను. ఆ కంపుతో బోరులో ఎలా ఏస్తాను?”

గెడ్డ సంగతి ఆయనకు తెలియదు. జీపు దిగగానే ఆయన సీసాలు సర్దుకోవడంలో ఉండేవాడు. గెడ్డ నీళ్ళలో పశువులు దిగుతాయి. అయితే పేడా, గెడ్డా? తనదా, ఆమెదా? క్షణంసేపు ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

“తాడును గెడ్డలో జాడించి దింపుతుందట సార్” అన్నాడు.

“గెడ్డలోనా! పశువులు తిరిగే నీళ్ళలోనా?”

“అంతే సార్.”

బుల్లి ఆయన వైపు చూసింది. ఇంకా ఏదో చెబుతాడని ఆగినట్టుంది. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

“సార్” అంది బుల్లి. మోహిత్ తలెత్తాడు. “రస్సీ మే గోబర్ రహ్‌తా హై సార్. ఇసీలియే ధోతీ.”

తాడుకు పేడ ఉంటుందని, అందుకే కడుగుతానని. వచ్చీరాని హిందీయే. కానీ ఎవరూ అర్థం చెప్పనక్కర్లేనంత స్పష్టంగా ఉంది. ఆమె ఆఫీసర్ల బంగళాల్లో ఊడ్చి వచ్చిన మనిషి. ఆమెకు హిందీ వచ్చా అని ఇన్నేళ్ళలో గణపతిరావు ఒక్కసారీ అడగలేదు.

“పేడా?” మోహిత్ ఆయన వైపు తిరిగాడు. “మీ ఇంట్లో ఉన్న తాడుకు పేడ ఎక్కడిది?”

“ఇంటికి తెచ్చాక… చల్లుతాను సార్. శుద్ధికి.”

“దేని నుంచి శుద్ధి?”

గణపతిరావు బల్ల మీది ల్యాబు కాగితాన్ని సరిచేశాడు.

“సెప్పండి బాబూ” అంది బుల్లి తెలుగులో. “నాకూ తెలవాల కదా.”

మోహిత్ కూడా అలాంటి శుద్ధులున్న ఇంట్లో పుట్టినవాడే. అతని చూపు బుల్లి మీదికి పోయి, అక్కణ్ణుంచి బల్ల మీదికి దిగిపోయింది. మళ్ళీ అడగలేదు. కాసేపు పెన్ను మూత పెట్టి తీశాడు.

“పేడో, గెడ్డో” అన్నాడు చివరికి. “రెండింట్లోనూ అవే పురుగులు. ఏది ముందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.”

అతనికి నిజంగానే దారి తోచనట్టుంది. గణపతిరావు పర్మనెంటు మనిషి, తీసేయడానికి లేదు. బుల్లిని తీసేయడానికి ఇప్పుడు ముఖం చాలడం లేదు. ఆ ఇబ్బందిని బుల్లే తీర్చింది. ఈసారి ఆమె ముందుకొచ్చి మాట్లాడింది. హిందీ చాలని చోట ఒడియా కలిపింది. తాడు తన దగ్గర ఉంచమంది. మూతున్న డబ్బాలో పెట్టి తాళం వేసుకుంటానంది. గెడ్డ జోలికి పోనంది. ఒక్క షరతు.

“ఈ బాబు తాడు ముట్టకూడదు సార్. బొక్కెనా ముట్టకూడదు.”

మోహిత్ తల వెంటనే ఊగింది. “ఒకే చెయ్యి ఉండాలి. అది సరైన పద్ధతే” అన్నాడు. పద్ధతి అనే మాట దొరికాక అతని గొంతు మామూలైంది. పాసు పొడిగించమని కంట్రాక్టరుకు అక్కడే ఫోను చేశాడు.

బయట బుల్లి వంగి చెప్పులు తొడుక్కుంటోంది. గణపతిరావు ఆమె వెనకే వచ్చి ఆగాడు.

“బుల్లీ.”

“ఏటి బాబూ?”

“కావాలని సేసింది కాదే.”

ఆమె చెప్పు సరిచేసుకుని నిటారుగా నిలబడింది.

“కావాలని కాదేటి? మరి పేడ దానంతటదే తాడెక్కిందేటి?”

గొంతు పెంచలేదు. జవాబు కోసం ఆగలేదు. మెట్లు దిగి గేటు వైపు పోయింది. ఆయనకు కోపం రావాలి. వచ్చిందా అని లోపల వెతుక్కున్నాడు. ఏదో ఉంది. అది కోపమో, మరొకటో పోల్చుకోలేకపోయాడు.

తర్వాతి నెల సీసాల రోజున బుల్లి డబ్బా ఒళ్ళో పెట్టుకుని జీపెక్కింది. దుర్గారావుకు సంగతి తెలిసింది. టౌన్‌షిప్‌లో తెలియనిదెవరికి? అతను ఎత్తిపొడుస్తాడని గణపతిరావు దారంతా కాచుకున్నాడు. దుర్గారావు రోడ్డు గురించి, డీజిలు గురించి మాట్లాడాడు. ఎత్తిపొడిచి ఉంటేనే బాగుండేది.

మూడో బోరు దగ్గర ఆమె తాళం తీసి, గ్లవ్సు తొడుక్కుని, తాడు దింపింది. గణపతిరావు సీసా పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆయనా ఇవాళ గ్లవ్సు తొడుక్కున్నాడు. బొక్కెన నిండి పైకొస్తుండగా గొట్టం అంచున తాడు ముడి పట్టేసింది. బుల్లి లాగింది. రాలేదు. ఆమె చేతులు రెండూ బరువు మీదున్నాయి.

ఆయన చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

“ఆగండి బాబూ.”

చెయ్యి గాలిలో ఆగింది. బుల్లి మోకాలితో తాడును గొట్టానికి అదిమి, ఒక చేత్తో ముడి తప్పించి, మళ్ళీ లాగింది. బొక్కెన పైకొచ్చింది. ఆమెకు ఊపిరి ఎగపోస్తోంది.

“సీసా అక్కడ ఎట్టీయండి. నాను పట్టుకుంతాను.”

ఆయన సీసాను గొట్టం పక్కన చదునైన రాయి మీద పెట్టాడు. ఖాళీ అయిన చేతులు రెండూ వేలాడాయి. వెనక్కి కట్టుకున్నాడు. ముందుకు తెచ్చాడు. గెడ్డకు అవతల బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి ఇటే చూస్తున్నారు.

“కొంచెం ఎడంగా, బాబూ” అంది బుల్లి తలెత్తకుండా.

ఎంత ఎడంగా అన్నది ఆమె చెప్పలేదు. ఆయనకు తెలియలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె చూడలేదు. ఇంకొకటి వేశాడు.